నీలం సంజీవరెడ్డి గారు ఏ ఎన్నికలో ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఓడిపోయారు?

గడియారస్తంభం
అనంతపురంలో అధ్యాపకుడిని. జిల్లా ప్రముఖుల మీద మా విద్యార్థులతో గోడపత్రిక తయారు చేయిస్తున్నాను. సంజీవరెడ్డి గారి వంతు తీసుకున్న అమ్మాయి కాగితం నిండా పదవులు రాసుకొచ్చింది: ముఖ్యమంత్రి రెండు సార్లు, కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్ర మంత్రి, లోక్‌సభ స్పీకర్ రెండు సార్లు, రాష్ట్రపతి. అన్నీ సరైనవే. పైన మాత్రం పెద్ద అక్షరాలతో "ఓటమి ఎరుగని నాయకుడు" అని పెట్టింది. ఆ శీర్షిక మీద ఎర్ర సిరాతో గీత కొట్టాను.

"మరి ఎక్కడ ఓడిపోయారు సార్?" అని అడిగింది. 1952లో మన అనంతపురంలోనే అన్నాను. తరగతిలో ఒక్కరూ నమ్మలేదు. ఊళ్లో స్టేడియానికి ఆయన పేరు ఉంది, శ్రీశైలం జలాశయానికి ఆయన పేరు ఉంది. ఆయనకు ఓటు వేసిన వాళ్ల గురించి, వేయని వాళ్ల గురించి మాత్రం ఈ జిల్లా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. నాకు ఇది బాధగా ఉంది. ఆయన ఎన్నికల చరిత్ర మొదటి నుంచి చివరి దాకా వరుసగా కావాలి. తెలిసిన వాళ్లు తెలిసినంత రాయండి.

పెన్న ఒడ్డు
మొదలు 1946. మద్రాసు శాసనసభకు కాంగ్రెస్ తరఫున ఎన్నికయ్యారు. రాజ్యాంగ సభలోనూ సభ్యులు. 1949 నుంచి 1951 దాకా మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రి. 1952లో ఓటమి.

గుత్తికోట
ఓడించింది ఎవరో కూడా రాయండి. తరిమెల నాగిరెడ్డి! సంజీవరెడ్డి గారి భార్య నాగరత్నమ్మ గారికి స్వయానా తోబుట్టువు. బావ కాంగ్రెస్, బావమరిది కమ్యూనిస్టు. బావగారిది గార్లదిన్నె మండలం ఇల్లూరు, బావమరిదిది శింగనమల మండలం తరిమెల. పక్కపక్క మండలాలు.

కారందోసె
ఆ ఏడాది సంక్రాంతికి ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో!

గడియారస్తంభం
బావమరిది అన్న మాట చెప్పగానే తరగతి అంతా లేచి కూర్చుంది. కానీ పిల్లలు వెంటనే "అయితే అది కుటుంబ తగాదానా?" అని అడిగారు. దానికి సరైన జవాబు చెప్పాలి.

నల్లరేగడి
కుటుంబ తగాదా ఎంతమాత్రం కాదు. 1946లో ఓటు హక్కు అందరికీ లేదు. ఆస్తి, చదువు వంటి అర్హతలు ఉన్న వాళ్లకే ఓటు. 1952లో మొదటిసారి ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. కూలివాడికీ, కౌలుదారుకూ, ఇంటి గడప దాటని ఆడవాళ్లకూ. 1946లో గెలిపించిన ఓటర్లు వేరు, 1952లో ఓడించిన ఓటర్లు వేరు.

దానికి తోడు కాంగ్రెస్ ఇల్లే చీలి ఉంది. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సంజీవరెడ్డి గారు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి మీద గెలిచారు. ఆ తర్వాత రంగా గారూ, ప్రకాశం గారూ పార్టీ విడిచి వేరు కుంపట్లు పెట్టారు. మద్రాసు శాసనసభ మొత్తం 375 స్థానాలలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులకు 62. అంత గాలిలో అనంతపురం ఒక్కటే నిలబడాలంటే ఎలా?

ఓబులవ్వ మనవరాలు
మా అవ్వ 1952లో శింగనమల వైపు ఒక పల్లెలో ఓటు వేసింది. ఆమె చెప్పినది చెబుతాను. అప్పుడు చీటీ మీద ముద్ర కొట్టడం లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. ఒక పెట్టె మీద కాడెద్దులు, ఒక పెట్టె మీద కంకి కొడవలి. చేతిలో పెట్టిన కాగితం తెర వెనక్కి వెళ్లి నచ్చిన పెట్టెలో వేయాలి. మా అవ్వ లోపలికి వెళ్లి, కాగితాన్ని కొంగుకు ముడి వేసుకుని ఇంటికి తెచ్చేసుకుందామా అని కాసేపు ఆలోచించిందట. సర్కారు వాళ్లు తన చేతికి ఇచ్చిన మొదటి కాగితం అది. చివరకు కొడవలి ఉన్న పెట్టెలో వేసింది. ఎందుకు అని అడిగితే "ఎద్దులు మనకు లేవు, కొడవలి ఉంది కదా" అన్నది.

ఆమెకు ఆ రోజు బావ, బావమరిది సంగతే తెలియదు.

గడియారస్తంభం
ఓబులవ్వ గారి మాట గోడపత్రికలో వేసుకోవచ్చా? పేరు రాయము.

ఓబులవ్వ మనవరాలు
పేరుతో సహా వేయండి సార్. ఆమె ఉంటే తానే వచ్చి చూసేది.

తుంగభద్ర నీరు
1955లో మళ్లీ అనంతపురం నుంచే గెలిచి పగ తీర్చుకున్నారని మా ఇంట్లో చెప్పేవారు.

పెన్న ఒడ్డు
కాదండి. 1955లో ఆయన గెలిచింది శ్రీకాళహస్తి నుంచి. చిత్తూరు జిల్లా. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయినప్పుడు కూడా ఆయన శ్రీకాళహస్తి శాసనసభ్యుడే. అంతకుముందు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ప్రకాశం గారి దగ్గర ఉపముఖ్యమంత్రి. 1955 తర్వాత బెజవాడ గోపాలరెడ్డి గారి దగ్గరా అదే పదవి.

తుంగభద్ర నీరు
సరే, దిద్దుకుంటాను. శ్రీకాళహస్తి ఎక్కడ, ఇల్లూరు ఎక్కడ! ముఖ్యమంత్రి సొంత జిల్లాలో సీటు లేకుండా పక్క జిల్లాకు వెళ్లారన్నమాట.

గుత్తికోట
ఇంకా వినండి. 1957లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. బావగారు హైదరాబాదులో ముఖ్యమంత్రి. అనంతపురం జనం లోక్‌సభకు ఎవరిని పంపారు? నాగిరెడ్డి గారిని. ముఖ్యమంత్రి సొంత జిల్లా కేంద్రం నుంచి కమ్యూనిస్టు ఎంపీ! ఇది చిన్న విషయమా?

హంద్రీ గట్టు
1957లో శాసనసభకు కూడా ఎన్నికలు జరిగాయి కదా? ఆయన మళ్లీ ఎక్కడ నిలబడ్డారు?

నల్లరేగడి
నిలబడే అవసరం లేదు. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికే జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచిన వాళ్లు 1962 వరకు కొనసాగారు. ఈ తేడా తెలియక చాలామంది జాబితాలలో తప్పు రాస్తారు. సార్, మీ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి.

డోన్ జంక్షన్
1962 మాది. డోన్ నుంచి శాసనసభకు గెలిచారు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి పదవి వదిలి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లారు. ఆయన స్థానంలో కూర్చున్నది మా కర్నూలు జిల్లా పెద్దపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య గారు. 1962 మార్చిలో మళ్లీ సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి. సంజీవయ్య గారు కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్టు ఉంటుంది. ఇద్దరూ సీమ వాళ్లు. అలాంటి రోజులు మళ్లీ రాలేదు.

కారందోసె
పేర్లు కూడా సంజీవరెడ్డి, సంజీవయ్య. పరీక్షలలో పిల్లలు కలిపేస్తారు!

హంద్రీ గట్టు
డోన్ మాట వచ్చింది కాబట్టి బస్సుల కేసు చెప్పక తప్పదు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాలను జాతీయం చేయడానికి పథకాలు వేశారు. మిగతా జిల్లాలను పక్కన పెట్టి కర్నూలును ముందుకు తెచ్చింది ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ తీయడానికే అని బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం వేయలేదు. కోర్టు అదే ఎత్తి చూపి పథకాలను కొట్టివేసింది. 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు.

మా తాత ఆ రోజుల్లో ఒక ప్రైవేటు బస్సుకు క్లీనరు. తెల్లవారుజామున బొగ్గుల కుంపటి మీద నీళ్లు కాచి ఇంజనులో పోసేవాడు. రూట్లు పోతాయని యజమాని జీతం ఆపేశాడు. మూడు నెలలు ఇంట్లో జొన్న సంగటి, చింతపండు నీళ్లు. కోర్టు తీర్పు వచ్చాక ఆయన మళ్లీ పనిలో చేరాడు గానీ సంజీవరెడ్డి పేరు వింటే మాట్లాడేవాడు కాదు. స్టేడియాలకు పేర్లు పెట్టే ముందు ఇవి కూడా గుర్తు పెట్టుకోవాలి.

పెన్న ఒడ్డు
మీ తాతగారి కష్టం అర్థమైంది. అయినా ఒక మాట అడుగుతాను. కోర్టు ఒక్క వ్యాఖ్య చేయగానే కుర్చీ దిగిన ముఖ్యమంత్రులు ఎంతమంది? ఆయన దిగారు. ఎవరూ మెడ పట్టి దించలేదు.

హంద్రీ గట్టు
దిగిన మాట నిజం. దిగాల్సిన పని చేసింది కూడా నిజం. రెండూ రాయమంటున్నాను, అంతే.

కడప గడప
మరో సంగతి. 1937లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక మీద మా కడప కోటిరెడ్డి గారు కూడా సంతకం పెట్టారు. దాని పుణ్యాన 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది. డేరాలలో ఆఫీసులు నడిచాయి. మూడేళ్లకే హైదరాబాదుకు తరలిపోయింది. సీమ బిడ్డే ఉపముఖ్యమంత్రిగా ఉండి రాజధాని పోతుంటే చూస్తూ ఊరుకున్నారు. 1956 ఫిబ్రవరిలో తెలంగాణ నాయకులతో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద ఆయన సంతకం ఉంది. అందులో ఉపముఖ్యమంత్రి పదవి మాట ఉంది. తీరా ముఖ్యమంత్రి అయ్యాక అది అక్కర్లేని ఆరో వేలు వంటిదని అన్నారని తెలంగాణ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు సార్లు ఉపముఖ్యమంత్రిగా చేసిన మనిషి ఆ మాట అనవచ్చునా?

డోన్ జంక్షన్
రాజధాని ఆయన ఒక్కరి చేతిలో ఉన్న విషయమా? రాష్ట్రాల పునర్విభజన, ఢిల్లీ నిర్ణయం, విశాలాంధ్ర ఉద్యమం, అన్నీ ఉన్నాయి. అన్నీ ఒక మనిషి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

కడప గడప
ఒక్కరి చేతిలోనే ఉందని అనలేదు. సీమ తరఫున గట్టిగా అడగగలిగిన స్థానంలో ఉన్నది ఆయన ఒక్కరే అంటున్నాను.

నిర్వాహకుడు
రాజధాని చర్చకు వేరే చోటు ఉంది. ఇక్కడ ఎన్నికల చరిత్రకే పరిమితం అవుదాం.

పెన్న ఒడ్డు
వరుసలోకి వస్తాను. 1964లో కేంద్ర మంత్రి అయ్యారు, రాజ్యసభ ద్వారా పార్లమెంటుకు వెళ్లారు. శాస్త్రి గారి దగ్గర ఉక్కు, గనులు. ఇందిరా గాంధీ గారి దగ్గర రవాణా, విమానయానం. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. అంటే పదిహేనేళ్ల తర్వాత సొంత జిల్లా ఆయనను గెలిపించింది. హిందూపురం ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది గానీ అప్పుడు అనంతపురం జిల్లాయే. 1967 మార్చి 17న స్పీకర్ అయ్యారు. స్పీకర్ అయిన వెంటనే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ముప్పై నాలుగేళ్ల అనుబంధం అది. సభాపతికి పార్టీ ఉండకూడదని నోటితో అనడం తేలిక, కాగితం మీద సంతకం పెట్టడం వేరు.

గుత్తికోట
అదే 1967లో నాగిరెడ్డి గారు అనంతపురం శాసనసభ స్థానం గెలిచారు. 1962లో పుట్లూరు నుంచి గెలిచారు. అంటే ఒకే ఎన్నికలో ఒకే జిల్లా బావను లోక్‌సభకూ, బావమరిదిని శాసనసభకూ పంపింది. మన జిల్లా వాళ్లకు మనిషిని చూసి ఓటు వేయడం తెలుసు అని నేను అందుకే అంటాను.

నల్లరేగడి
నాగిరెడ్డి గారు 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. ఈ సభల వల్ల పేదవాడికి భూమి రాదని ఆయన నమ్మిక. సంజీవరెడ్డి గారు అదే 1969 జూలైలో స్పీకర్ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఒకే ఏడాది ఇద్దరూ రాజీనామా చేశారు, ఇద్దరి దారులు చూడండి.

గడియారస్తంభం
1969 లెక్కలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? పిల్లలకు ఓట్ల విలువ పద్ధతి వివరించడానికి పనికొస్తుంది.

పెన్న ఒడ్డు
ఉన్నాయి. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ: వి.వి. గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ అంత రాలేదు. అప్పుడు కింది అభ్యర్థులను ఒక్కొక్కరిని తీసివేస్తూ వాళ్ల చీటీల మీద ఉన్న తర్వాతి ప్రాధాన్యాలు లెక్కించారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650.

పిల్లలతో ఈ తీసివేతలు చేయించండి. మొదటి లెక్క నుంచి చివరి లెక్కకు సంజీవరెడ్డి గారికి పెరిగింది 91,879. గిరి గారికి పెరిగింది 18,562 మాత్రమే. రెండో ప్రాధాన్యాలు వరదలా ఈయన వైపే వచ్చాయి. అయినా మొదటి దఫాలో పడ్డ గండి పూడలేదు. ఆ గండి సొంత పార్టీ వాళ్లు కొట్టింది. అధికారిక కాంగ్రెస్ అభ్యర్థి ఈయన. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. తర్వాత కొన్ని నెలలకే కాంగ్రెస్ రెండు ముక్కలు అయింది.

కారందోసె
గిరి గారూ తెలుగువారే కదా. రాష్ట్రపతి పదవికి ఇద్దరు తెలుగువాళ్లు తలపడితే మనం ఎటు చూడాలి?

నల్లరేగడి
అంతే కాదు, క్విట్ ఇండియా రోజుల్లో ఇద్దరూ అమరావతి జైలులో కలిసి ఉన్నారు. మన అమరావతి కాదు, మహారాష్ట్రలోది. ప్రకాశం గారు, కామరాజు గారు కూడా అక్కడే. 1945 దాకా జైలు.

మహానంది కోనేరు
నంద్యాల దాకా ఎప్పుడు వస్తారా అని ఎదురు చూస్తున్నాను. 1977 మా అమ్మ మొదటి ఓటు. అప్పటికి ఓటు వయసు ఇరవై ఒకటి. ఆమెకు ఆ ఏడే నిండింది. జనతా అభ్యర్థి గుర్తు చక్రంలో నాగలి మోసే రైతు. కాంగ్రెస్‌ది ఆవు, దూడ. మా ఇంట్లో తాత ఆవు దూడకే వేయాలని అందరికీ చెప్పి బడి దగ్గరికి తీసుకెళ్లాడు. బడిలో వరుస రెండుగా ఉంది, ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి. ఆడవాళ్ల వరుస ముందుగా కదిలింది. మా అమ్మ తాతకు కనబడకుండా రైతు మీద ముద్ర కొట్టి వచ్చింది. అత్యవసర పరిస్థితిలో మా చిన్నమామను, అప్పటికి పెళ్లి కూడా కాని వాడిని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు లాక్కుపోబోతే చెరకు తోటలో రెండు రాత్రులు దాక్కున్నాడు. ఆ కోపం ఆమెది. వేలి మీది సిరా మరక ఉన్నన్ని రోజులూ తాత ఎదురుపడితే చెయ్యి కొంగులో పెట్టుకునేదట.

ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలు ఉంటే 41 కాంగ్రెస్‌కు వచ్చాయి. మిగిలిన ఒక్కటీ మా నంద్యాల. ఆ ఒక్కటి సంజీవరెడ్డి గారిది.

గడియారస్తంభం
ఈ సంగతి చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

మహానంది కోనేరు
బాగున్నారు. నేను ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని శనగలు ఏరుతున్నారు. "తాత చివరి దాకా కనిపెట్టలేదు, అది కూడా రాయి" అంటున్నారు.

డోన్ జంక్షన్
1977 మార్చి 26న మళ్లీ స్పీకర్. జూలైలో రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు నామినేషన్. 37 మంది వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఏకగ్రీవం. జూలై 25న ప్రమాణం. ఒకసారి రాష్ట్రపతి ఎన్నికలో ఓడి తర్వాత రాష్ట్రపతి అయినది ఆయన ఒక్కరే.

హంద్రీ గట్టు
రాష్ట్రపతిగా 1979లో చేసినది కూడా చెప్పాలి. మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది. చరణ్ సింగ్‌ను పిలిచారు. ఆయన సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేసి లోక్‌సభ రద్దు చేయమన్నారు. జగ్జీవన్ రామ్ గారు తనకు బలం ఉందని అంటుంటే అవకాశం ఇవ్వకుండా సభను రద్దు చేశారు. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే దారి అక్కడ మూసుకుపోయింది. నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పెన్న ఒడ్డు
ఆ రోజు ఎవరికి ఎంత బలం ఉందో పూటకొక లెక్క. మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లడమే మేలని ఆయన అనుకుని ఉండవచ్చు. అయినా పిలిచి ఒక అవకాశం ఇవ్వాల్సిందని నాకూ అనిపిస్తుంది. ఈ విషయంలో మీతో వాదించను.

కృష్ణ కింది ఊరు
ఎన్నికల గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. నీలం సంజీవరెడ్డి సాగర్ అన్న పేరు చూసి రాస్తున్నాను. 1963లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా నెహ్రూ గారు శ్రీశైలానికి శంకుస్థాపన చేశారు. మా అమ్మమ్మ ఊరు ఆ నీళ్ల కింద ఉంది. వేసవిలో నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయట పడుతుంది. అప్పుడు మేము వెళ్తాం. బురద ఎండి పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అమ్మమ్మ చేతికర్రతో చూపించేది: ఇది రచ్చబండ, ఇది మన దొడ్డి. అక్కడ ఒక రుబ్బురోలు సగం పూడి ఉంది. ఎవరిదో తెలియదు. ఆ పేరు వినగానే నాకు గుర్తొచ్చేది ఆ రోలు.

గడియారస్తంభం
మీరు రాయడం మంచిదైంది. గోడపత్రికలో జలాశయం బొమ్మ పక్కన ఇది కూడా ఉంటుంది.

గుత్తికోట
ఒక తేదీ చెబుతాను, అందరూ ఒకసారి ఆగి చూడండి. నాగిరెడ్డి గారు అజ్ఞాతంలోనే 1976 జూలై 28న కన్నుమూశారు. సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది 1977 జూలై 25. ఏడాదికి మూడు రోజులు తక్కువ. రాష్ట్రపతి భవన్‌లో అడుగు పెట్టిన నాగరత్నమ్మ గారికి మూడో నాడు తోబుట్టువు వర్ధంతి.

ఓబులవ్వ మనవరాలు
ఇన్ని సార్లు బావ, బావమరిది అనుకున్నాం. ఆమెను ఇప్పుడు తలచుకున్నాం.

తుంగభద్ర నీరు
సార్, నేను తప్పు చెప్పాను కాబట్టి నేనే వరుస రాసి పెడతాను, చూసుకోండి. 1946 మద్రాసు శాసనసభ, గెలుపు. 1952 అనంతపురం, ఓటమి. 1955 శ్రీకాళహస్తి, 1962 డోన్, 1967 హిందూపురం లోక్‌సభ, మూడూ గెలుపు. 1969 రాష్ట్రపతి ఎన్నిక, ఓటమి. 1977 నంద్యాల, గెలుపు. అదే ఏడాది రాష్ట్రపతిగా ఏకగ్రీవం.

డోన్ జంక్షన్
కాలం ముగిశాక 1982లో అనంతపురం వచ్చేశారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు. ఇది కూడా చేర్చండి.

గడియారస్తంభం
ఈ రోజు గోడపత్రిక అంటించాము. ఆ అమ్మాయి పాత శీర్షిక మీద కొత్త కాగితం అతికించి "1952లో మనం ఓడించిన నాయకుడు" అని రాసింది. ప్రిన్సిపాల్ గారు చదివి, కాస్త ఆగి, "ఉండనివ్వండి" అన్నారు. కింద ఎడమ వైపు కాడెద్దుల పెట్టె, కంకి కొడవలి పెట్టె, మధ్యలో కొంగు పట్టుకుని నిలబడ్డ ఓబులవ్వ. బొమ్మ వేసిన పిల్లవాడిది తరిమెల.

ఓబులవ్వ మనవరాలు
శనివారం వస్తున్నాను సార్. కళాశాల ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది?